గేదెలు పంచాలా, పరిశోధనకు ఇవ్వాలా? ఒక గోపాలమిత్ర జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విదేశాల్లో ఉన్న మీ ఊరివాళ్లు పదిహేను మంది కలిసి 25 లక్షలు పోగేశారు. ఆ డబ్బుతో గుంటూరు జిల్లాలో పేద కుటుంబాలకు పాడిగేదెలు కొనివ్వాలని కొందరు అంటున్నారు. పశువుల మీద, చేపల మీద జరిగే పరిశోధనకు ఇవ్వాలని ఇంకొందరు. "పరిశోధనకిస్తే కాగితాలొస్తాయి, గేదెనిస్తే పాలొస్తాయి" అని ఊళ్లో పెద్దలు ఒక్క మాటలో తేల్చేశారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి అన్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తను కాను. ఇరవై ఏళ్లకు పైగా తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో గోపాలమిత్రగా తిరుగుతున్నాను. బండికి ఒక పక్క లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ కట్టుకుని, గేదె ఎదకొచ్చిందని ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల గొడ్ల చావిడికి పోయి కృత్రిమ గర్భధారణ చేసి రావడం నా పని. ఊళ్లో దాన్ని సూది వేయించడం అంటారు.

మీ పెద్దల మాటను కొట్టిపారేయను. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. పన్నెండేళ్ల క్రితం ఒక సంస్థ మా పక్క ఊళ్లో ఇరవై ఇళ్లకు హర్యానా నుంచి ముర్రా జాతి గేదెల్ని తెప్పించి ఇచ్చింది. సంస్థ పేరెందుకు లెండి, మంచి మనసుతోనే చేశారు. లారీలు దిగిన రోజు ఊళ్లో తిరనాళ్లలా ఉంది. చుట్టలు తిరిగిన కొమ్ములకు పసుపు రాశారు, మెడలో బంతిపూల దండలు వేశారు, ఒక్కో గేదె పక్కన నిలబడి ఫొటోలు దిగారు. నేనూ దిగాను. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఆ గేదె మాత్రం లేదు.

అవి వచ్చింది ఏప్రిల్‌లో. మన ఏప్రిల్ ఎలా ఉంటుందో మీకు గుర్తుండే ఉంటుంది. వచ్చేటప్పటికే దూడలతో ఉన్నాయి కాబట్టి మొదటి ఏడు నెలలు పాలు బాగానే ఇచ్చాయి, అందరూ సంబరపడ్డారు. తర్వాత ఒక్కొక్కటే వట్టిపోయాయి. మళ్లీ చూడి కడితేనే కదా పాలు! అక్కడే కథ ఆగిపోయింది. ఆ ఊళ్లో ఒక పెద్దమ్మ ఉండేది, భర్త లేడు. ఒక రోజు నన్ను దారిలో ఆపి, "ఎనిమిది నెలలైందిరా అబ్బాయ్, ఎదకే రావట్లా. రోజూ గట్టు మీద గడ్డి కోసి నెత్తిన మోసుకొస్తున్నా. పేడ తప్ప ఏమీ ఇవ్వట్లా" అంది.

నిజానికి ఆ గేదె ఎదకొస్తూనే ఉంది. మాకే కనబడలేదు. ఆవు ఎదకొస్తే వీధంతా తెలిసేలా అరుస్తుంది, పక్క పశువుల మీదికి ఎక్కుతుంది. గేదె అలా కాదు. అందులోనూ ఎండాకాలంలో ఏ అర్ధరాత్రో వచ్చి తెల్లారేసరికి తగ్గిపోతుంది. దాన్ని మూగ ఎద అంటారు. ట్రైనింగ్‌లో ఒకసారి విన్నాను గానీ, ఇంత మామూలు విషయమని నాకు తెలియదు. తర్వాత ఒక డాక్టర్ గారు తెల్లవారుజామున నన్ను చావిడిలోకి తీసుకెళ్లి, గేదె పడుకుని లేచిన చోట గచ్చు మీద టార్చి వేసి చూపించారు. గేదె ఒంట్లోంచి జారిన జిగట, వేలెడంత తీగలా, గాజులా మెరుస్తూ. అంతే ఆనవాలు. మాటిమాటికీ కాస్త కాస్త మూత్రం పోస్తుంటే, పాలు ఒక పూట తగ్గితే, అనుమానించాలి. ఎండెక్కాక వస్తే ఆ తీగ కూడా ఉండదు, పేడతో పాటు ఊడ్చేస్తారు.

ఒక్క ఎద తప్పిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. మేతకు రోజుకు 200 వేసుకున్నా 4,200 రూపాయలు దండగ. మూడు ఎదలు పోతే పేద ఇంటికి అది చిన్న దెబ్బ కాదు. దానిపైన చూడి కట్టాక మరో పది నెలల పైచిలుకు ఎదురుచూపు ఉండనే ఉంది.

రెండో విషయం ఇంకా మెల్లగా బయటపడింది. పశువైద్య కళాశాలలో పీజీ చేస్తున్న ఒక కుర్రాడు థీసిస్ పని మీద ఆ ఊరొచ్చాడు. చేతిలో ఐస్ బాక్సు, నిండా గాజు గొట్టాలు. గేదెల మెడ దగ్గర రక్తం తీసుకుంటానంటే ఎవరూ ఒప్పుకోలేదు. రక్తం తీస్తే పాలు విరిగిపోతాయని ఒకాయన, గేదెకు దిష్టి తగులుతుందని ఇంకొకాయన. నేను పూచీ పడితే పదకొండు మంది ఒప్పుకున్నారు. ఇలా వచ్చిపోయేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది మళ్లీ మొహం చూపించరు, అది నా అనుభవం. ఈ కుర్రాడు మాత్రం ఐదు నెలల తర్వాత తిరిగొచ్చి రామాలయం అరుగు మీద కూర్చుని, చేతిలో చీటీ చూసి, ఎవరి గేదె సంగతి వాళ్లకు చెప్పాడు. చాలా గేదెల్లో భాస్వరం తక్కువ, రాగి, జింకు కూడా తక్కువ. కారణం మన వరిగడ్డే. డెల్టాలో పశువు ఏడాదిలో ఎక్కువ కాలం తినేది అదే, అందులో ఈ ఖనిజాలు బాగా తక్కువ. పాలిచ్చేటప్పుడు గేదె ఒంట్లో ఉన్నదంతా పాలలో పోసేసి, తర్వాత గర్భం నిలుపుకోవడానికి మిగుల్చుకోలేదు. హర్యానాలో బర్సీం అనే పచ్చిమేత, గోధుమ చొప్ప, పత్తి గింజలు తిని పెరిగిన గేదెను తీసుకొచ్చి మన వరిగడ్డి మీద పడేశాం. అదీ మేము చేసింది.

మందు ఏమిటంటే ఖనిజ లవణ మిశ్రమం. రోజుకు 50 గ్రాములు తవుడులో కలిపి పెట్టడం. అప్పటి ధరకు రోజుకు ఐదు రూపాయలు కూడా కాలేదు. ఏ ప్రాంతపు మేతలో ఏది తక్కువో చూసి, దానికి తగ్గట్టు మిశ్రమం తయారు చేయడం మీద బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ పని ఫలితం పెద్దమ్మ తవుడు బకెట్టు దాకా రావడానికి మధ్యలో ఒక పీజీ కుర్రాడు కావాల్సి వచ్చింది. పదకొండిట్లో ఏడు గేదెలు రెండు మూడు నెలల్లో ఎదకొచ్చాయి, ఐదు చూడి కట్టాయి. అప్పటికే మిగతా ఇళ్లవాళ్లు విసిగిపోయి వచ్చిన ధరకు అమ్మేసుకున్నారు. పెద్దమ్మ గేదె ఈనింది. నాకు జున్ను పంపింది, మిరియాలు ఎక్కువేసి.

ఇరవై గేదెలకు ఆ రోజుల్లోనే పద్నాలుగు లక్షలు ఖర్చయింది. ఐదు రూపాయల సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. మీ పెద్దలు "కాగితాలొస్తాయి" అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ కుర్రాడి చేతిలోని చీటీ.

అలాగని పరిశోధన అన్న ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోమనడం లేదు. మన ఒంగోలు జాతినే చూడండి. బ్రెజిల్ వాళ్లు ఇక్కడి నుంచి పట్టుకెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్ అని పిలుచుకున్నారు. అక్కడ మాంసానికి పెంచే మందలో అత్యధిక భాగం ఇప్పుడు ఆ రక్తమే. వియాటినా-19 అనే ఆవులో ఒక వాటాకు వేలంలో పలికిన ధర లెక్కన దాని విలువ నలభై లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డు కొట్టిందని మనవాళ్లందరూ వాట్సాప్‌లో పంచుకున్నారు. నేనూ పంచుకున్నాను. కానీ అందులో మన గొప్ప ఎంతవరకు? వాళ్లు ప్రతి దూడ పుట్టుక, తల్లి, తండ్రి, బరువు రాసుకుంటూ తరాల కొద్దీ ఎంచుకుంటూ పోయారు. మన దగ్గర గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతిని కాపాడుతున్నారు, అది మెచ్చుకోవాల్సిన పని. కానీ ఊళ్లో ఎవరి చావిడిలోనైనా పాల లెక్క పుస్తకం ఉందేమో అడిగి చూడండి. చెవికి పన్నెండంకెల పోగు ఉంటుంది, ఆ నంబరు కింద రాయాల్సిన పాల లెక్క ఉండదు. లెక్క లేకపోతే ఏ దున్న పిల్లలు బాగా పాలిస్తున్నాయో ఎవరికి తెలుస్తుంది? నేను వాడే సెమన్ స్ట్రా, అంటే వీర్యం నింపిన సన్న గొట్టం మీద దున్న నంబరు ఉంటుంది. దాని కూతుళ్లు మా ఊళ్లలో ఎన్ని లీటర్లు ఇస్తున్నాయని నన్నెవరూ ఇంతవరకు అడగలేదు.

ఇక చేపల సంగతి. ఇది నాకు నేరుగా తెలిసింది కాదు, ముదినేపల్లి దగ్గర చెరువులు లీజుకు తీసుకున్న మా బావమరిది ద్వారా తెలిసింది. కానీ డబ్బు పెట్టే వాళ్లకు పశువుల కంటే ఇది త్వరగా ఫలితం చూపించే రంగం, అందుకే చెప్తున్నాను.

కారణం ప్రాణి స్వభావంలోనే ఉంది. గేదె దూడ పెరిగి మొదటిసారి ఈనడానికే మూడున్నర, నాలుగేళ్లు. ఒక దున్న మంచిదో కాదో దాని కూతుళ్ల పాలు చూసి తేల్చాలంటే ఆరేడేళ్లు. శీలావతి చేప, అంటే రోహు, రెండేళ్లకే గుడ్లు పెడుతుంది, కిలో బరువుకు రెండు మూడు లక్షల గుడ్లు. ఒక్క జత నుంచి వచ్చిన పిల్లల్లోనే వేలాదిగా ఎంచుకోవచ్చు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సీఫా అంటారు, 1992లో నార్వే వాళ్లతో కలిసి ఈ పని మొదలుపెట్టింది. సాల్మన్ చేప మీద నార్వే వాళ్లు నేర్చుకున్న పద్ధతి అది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి శీలావతుల్ని తెచ్చి, ఫారంలో ఉన్నవాటితో కలిపి, తరం తరానికీ వేగంగా పెరిగే వాటిని ఏరుకుంటూ పోయారు. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగింది. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడాది బయటికి వదిలి జయంతి అని పేరు పెట్టారు. అదే సంస్థకు మన విజయవాడ పక్కన పోరంకిలో ప్రాంతీయ కేంద్రం ఉంది. బందరు రోడ్డులో ఎన్నిసార్లు పోయినా చాలామందికి అది అక్కడ ఉన్నట్టే తెలియదు.

మా బావమరిది ఒక చెరువులో జయంతి పిల్లలు, పక్క చెరువులో ఎప్పుడూ కొనే చోటి పిల్లలు వేశాడు. తవుడు, చెక్క అదే, ఎరువు అదే, కాపలా కుర్రాడూ అదే. వల వేసి చూస్తే జయంతి చేప నెలన్నర ముందే కిలో దాటింది. చెక్క, తవుడు ధరలు తెలిసినవాళ్లకు నెలన్నర మేత మిగలడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మామూలు హేచరీల్లో సొంత చెరువులోని తల్లిచేపల్నే ఏళ్ల తరబడి వాడుతుంటారు. ఒకే కడుపున పుట్టిన వాటికే మళ్లీ పిల్లలు. ఎదుగుదల తరం తరానికీ జారిపోతూ ఉంటుంది, రైతు మాత్రం మేత బాగాలేదనో నీళ్లు బాగాలేవనో అనుకుంటాడు.

మరుసటి ఏడు ఏమైందో కూడా చెప్పాలి. ఊరికి దగ్గరగా ఉందని వేరే చోట "జయంతి పిల్లలే" అంటే కొన్నాడు. పేరే జయంతి, ఎదుగుదల లేదు. నష్టపోయాడు. బిల్లు మీద రాసింది నిజమో కాదో చూసే దారి రైతుకు లేదు. అంటే పరిశోధన గెలిచినా, విత్తనం చెరువు గట్టు దాకా నిజాయితీగా చేరే ఏర్పాటు లేకపోతే రైతు ఓడిపోతాడు. నా దృష్టిలో మీ డబ్బు నిలబడాల్సిన చోటు సరిగ్గా ఇదే, ల్యాబుకూ గట్టుకూ మధ్య.

ఈ మాటకు మన బాపట్ల మనిషే పెద్ద సాక్ష్యం. మోదడుగు విజయ్ గుప్తా గారు బాపట్లలో పుట్టి, చేపల శాస్త్రవేత్తగా బంగ్లాదేశ్ వెళ్లి, అక్కడ రోడ్డు పక్క గుంటల్లో, ఇంటి వెనక నీళ్లు కొన్ని నెలలే నిలిచే కుంటల్లో చేపలు పెంచడం పేద కుటుంబాలకు నేర్పారు. ఖరీదైన మేత లేదు, తవుడు, పేడ, ఇంట్లో మిగిలినవి. పెంచినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. 2005లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన వరల్డ్‌ఫిష్ సంస్థే 1988లో ఫిలిప్పీన్స్‌లో గిఫ్ట్ అనే తిలాపియా చేపను ఎంపిక పద్ధతిలో తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ గిఫ్ట్ చేప తల్లిజాతిని పెంచే కేంద్రం ఇప్పుడు మన గన్నవరం అవతల మణికొండలో ఉంది. బాపట్ల మనిషి బంగ్లాదేశ్ వెళ్లాడు, ఫిలిప్పీన్స్‌లో మొదలైన చేప మణికొండ చేరింది. పరిశోధన డబ్బు ఎక్కడ పెట్టినా ఎక్కడో తేలుతుంది, అందుకే అది ఎవరికి మేలు చేసిందో మనకు చప్పున కనబడదు.

టీకాల గురించి ఒక్క పేరా. మా తాత చిన్నప్పుడు ఒక్క వారంలో ఊళ్లో సగం ఎడ్లు చచ్చిపోయాయని చెప్పేవాడు. అది రిండర్‌పెస్ట్. 2011లో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు అదే. ఇప్పటి కుర్ర రైతులకు ఆ పేరే తెలియదు. ఫ్రిజ్ లేకుండా నెల రోజులు నిలిచే టీకా వచ్చాకే అది ఆఫ్రికాలో మూలమూలలకూ చేరింది. అలాంటి టీకా అవసరం మా ఇంట్లోనే ఉంది. కొక్కెర తెగులు వస్తే మా ఆవిడ కోళ్లు పన్నెండు, నాలుగు రోజుల్లో మెడలు తిప్పుకుంటూ పోయాయి. టీకా లేక కాదు. వందల డోసుల సీసా తెరిస్తే కాసేపట్లో వాడేయాలి, పన్నెండు కోళ్ల కోసం ఎవరు తెరుస్తారు? ఈ తెగులుకే ఆస్ట్రేలియా ప్రభుత్వ డబ్బుతో వేడిని తట్టుకునే ఐ-2 అనే టీకా తయారై, కంట్లో చుక్క వేసే పద్ధతిలో మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో వాడుతున్నారు. పది కోళ్లున్న ఆడమనిషిని లెక్కలోకి తీసుకుని చేసిన పరిశోధన అది.

ఇక మీ 25 లక్షలు. జాతి అభివృద్ధి పేరు మీద ఎవరైనా అడిగితే ఇవ్వకండి. దానికి పదేళ్లు, కోట్లు కావాలి, అది ప్రభుత్వం చేయాల్సిన పని. మీ ఊరినీ పక్క ఊళ్లు రెండింటినీ తీసుకుని, గన్నవరం పశువైద్య కళాశాలతోనో లాం పశు పరిశోధన కేంద్రంతోనో మాట్లాడండి. పీజీ విద్యార్థుల థీసిస్ పని మీ ఊళ్లలో జరిగేలా చూడండి. వాళ్లకు కావాల్సింది పెట్రోలు, రక్త పరీక్షల ఖర్చు, ఉండటానికి ఒక గది. షరతు మాత్రం ఒకటి గట్టిగా పెట్టండి. ఫలితం తెలుగులో, అరుగు మీద, ఏ గేదె యజమానికి ఆ గేదె సంగతి చెప్పాకే చివరి విడత డబ్బు. పాల లెక్క రాయడానికి ఊళ్లో చదువుకున్న ఒక అమ్మాయికి నెల జీతం ఇవ్వండి. మూడేళ్లు రాస్తే ఆ పుస్తకానికి విలువ కట్టలేరు. చేపలకు ఇవ్వాలనుకుంటే పోరంకి వాళ్లను కలిసి, రైతు చెరువుల్లోనే పక్క పక్కన వేసి చూపించే ప్రయోగాలకు ఇవ్వండి.

గేదెలు ఇచ్చి తీరాలని మీ పెద్దలు పట్టుబడితే ఐదు ఇవ్వండి, ఇరవై వద్దు. హర్యానా వద్దు, ఇక్కడే పుట్టి పెరిగిన గ్రేడెడ్ ముర్రా, అంటే నాటు గేదెకు ముర్రా కలిపి మెరుగుపరిచింది, చూడండి. కార్తీకం దాటాక కొనండి. గేదెతో పాటు రెండేళ్ల ఖనిజ మిశ్రమం, బీమా కూడా కట్టేయండి. అవి లేకుండా గేదెను ఇవ్వడమంటే, నా అనుభవంలో, ఫొటో దిగడమే.

ఇంకో మాట, మీలో కొందరు విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటారు. వాళ్లిచ్చే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు. ముందే ఆడిటర్‌ను అడిగి తేల్చుకోండి, తర్వాత టెన్షన్ పడొద్దు.

సంక్రాంతికి మీలో ఎవరైనా వస్తే మా వైపు రండి. ఉదయం ఐదింటికి రావాలి, టార్చి నేను తెస్తాను. గచ్చు మీద ఆ తీగ చూపిస్తాను. ఏడైతే ఊడ్చేస్తారు.